సైకిల్ రానివాళ్లు స్కూటీ నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

38 ఏళ్లొచ్చాయి, చిన్నప్పుడు సైకిల్ నేర్పలేదు, నేరుగా స్కూటీ నేర్చుకోవచ్చా అని ఒకావిడ అడిగారు. నేర్చుకోవచ్చు కానీ ముందు సైకిల్ పట్టండి. చాలా స్కూటీల బరువు వంద కిలోల పైమాటే. బ్యాలెన్సు తెలియని చేతికి యాక్సిలరేటర్ కూడా ఇస్తే రెండు భయాలు ఒకేసారి మీద పడతాయి.

ఎత్తు తక్కువున్న లేడీస్ సైకిల్ అద్దెకో అరువుకో తెచ్చుకోండి. సీటు మీద కూర్చుంటే రెండు అరికాళ్లూ పూర్తిగా నేలకు ఆనాలి. మునివేళ్లే తగులుతుంటే సీటు ఇంకా దించాలి. తర్వాత పెడళ్లు రెండూ ఊడదీయండి. చాలా సైకిళ్లకు 15 నంబరు పానా సరిపోతుంది. ఎడమ పెడల్‌ది ఉల్టా మర, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. ఈ సంగతి తెలియక బలం పెడితే ఇంకా బిగుసుకుంటుంది.

ఇసుక, గడ్డి చక్రాన్ని పట్టేస్తాయి కాబట్టి గట్టి నేల, వీలైతే కాస్త వాలు ఉన్నచోటు చూసుకోండి. అపార్ట్‌మెంట్ సెల్లారు వద్దు, స్తంభాలుంటాయి. మొదట సీటు మీద కూర్చునే నడవండి. తర్వాత రెండు కాళ్లతో నేలను వెనక్కి తన్ని, పాదాలు పైకెత్తి జారనివ్వండి. పది గజాలు కాలు ఆనకుండా వెళ్లారంటే బ్యాలెన్సు వచ్చినట్టే. రాకపోతే కారణాలు దాదాపు ఎప్పుడూ ఇవే: ముందు చక్రాన్నే చూడటం, భయపడి మరీ నెమ్మదిగా పోవడం, ఎడమకు ఒరుగుతుంటే హ్యాండిల్ కుడికి లాగడం. ఒరిగిన వైపే హ్యాండిల్ కొద్దిగా తిప్పాలి, బండి దానంతటదే నిలబడుతుంది. వెనక సీటు పట్టుకుని పరిగెత్తే మనిషి అస్సలు వద్దు. బ్యాలెన్సు వాళ్లు చేస్తుంటే మీ చేతులకు పని ఉండదు.

ఆ తర్వాత పెడళ్లు బిగించుకుని తొక్కండి. ఒక చేయి వదిలి సైగ చేయడం, ఎనిమిది అంకె ఆకారంలో తిరగడం వచ్చాక స్కూటీ ఎక్కండి.

స్కూటీ మీద కూడా మొదట ఇంజను ఆపి, కాళ్లతో తోస్తూ బరువు అలవాటు చేసుకోవాలి. అసలు ప్రమాదం కుడి చేతి దగ్గరుంది. ఉలిక్కిపడగానే ఒళ్లు వెనక్కి వాలుతుంది, పిడికిలి బిగుస్తుంది, మణికట్టు కిందికి దిగుతుంది. ఆపుదామనుకున్న మనిషే యాక్సిలరేటర్ ఇచ్చేస్తుంది, బండి గోడకు కొడుతుంది. అందుకే మణికట్టు దించకుండా పట్టుకోండి. ముందు యాక్సిలరేటర్ వదలడం, తర్వాత బ్రేకు, ఈ వరస ఖాళీ జాగాలో చేతికి పట్టేదాకా చేయండి. హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడు కుడి బ్రేకు ఒక్కటే గట్టిగా పడితే ముందు చక్రం జారుతుంది. కొత్త స్కూటర్లలో చాలావాటికి ఎడమ బ్రేకు నొక్కితే రెండు చక్రాలకూ పడుతుంది. మీ బండికి ఉందో లేదో షోరూంలో అడగండి.

వెనక కూర్చుని "బ్రేక్, బ్రేక్" అని అరిచే భర్త దగ్గర మాత్రం నేర్చుకోకండి, బరువుకు బరువు, కంగారుకు కంగారు. చున్నీ నడుముకు బిగించి కట్టండి, చక్రంలో పడితే మెడకు చుట్టుకుంటుంది. చెప్పులు కాదు, బూట్లు.

రోడ్డెక్కేముందు ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్స్ లైసెన్సు) తీసుకోండి. అది 6 నెలలు చెల్లుతుంది, 30 రోజులు దాటాక లైసెన్సు టెస్టుకు వెళ్లొచ్చు.