డివిడెండ్లతో అరవై తర్వాత ఇల్లు గడుస్తుందా?

ప్రశ్న: మాది రాయగడలో కిరాణా కొట్టు. మా ఆయనకు 49 ఏళ్లు, నాకు 46. పీఎఫ్, పెన్షన్ ఏమీ లేవు. మా తమ్ముడి మాట మీద నా పేరున డివిడెండ్ బాగా ఇచ్చే షేర్లలో 4 లక్షలు పెట్టాం. అందులో మూడో వంతు జేకేపూర్ పేపర్ మిల్లువే, కళ్లముందున్న కంపెనీ కదా అని. నిరుడు 21,000 డివిడెండ్ వచ్చింది. ఈ నెల చీటీ డబ్బు 3 లక్షలు చేతికొస్తాయి. అవీ షేర్లలోనే పెట్టి, అరవై దాటాక డివిడెండ్లతోనే ఇల్లు గడుపుకోవచ్చా? ఇంటి ఖర్చు నెలకు 20,000. ఇంకో మాట. వంద శాతం డివిడెండ్ అన్న కంపెనీ షేరుకు 5 రూపాయలే వేసింది. ఇది మోసం కాదా?

జవాబు: మోసం కాదమ్మా. డివిడెండ్ అంటే కంపెనీ తన లాభంలోంచి షేర్లున్నవాళ్లకు పంచే డబ్బు. దాని శాతాన్ని షేరు ముఖవిలువ, అంటే కంపెనీ షేరుకు మొదట కాగితం మీద పెట్టిన విలువ, మీద లెక్క కడతారు, మీరు కొన్న ధర మీద కాదు. దామన్‌జోడిలో రిఫైనరీ ఉన్న అల్యూమినియం కంపెనీ నాల్కోనే చూడండి, దాని ముఖవిలువ 5 రూపాయలు. మార్కెట్లో ఎంత ధర పలికినా, వంద శాతం అంటే చేతికొచ్చేది 5 రూపాయలే. అందుకే శాతం వదిలేసి, షేరుకు ఎన్ని రూపాయలు ఇస్తున్నారో చూడండి.

ఇక అసలు విషయం. డివిడెండ్‌ను మీరు బ్యాంకు వడ్డీలా చూస్తున్నారు. అది మీ కొట్టు గల్లాపెట్టెలోంచి తీసి ఇంటికి పట్టుకెళ్లే డబ్బు లాంటిది. పదివేలు తీస్తే గల్లాలో పదివేలు తగ్గుతాయి. 200 రూపాయల షేరుకు 10 రూపాయల డివిడెండ్ ప్రకటిస్తే, ఆ రోజు నుంచి కొన్నవాళ్లకు ఆ డివిడెండ్ రాదు అనే రోజున (ఎక్స్-డేట్) ఆ షేరు సుమారు 190 దగ్గర మొదలయ్యేది అందుకే. కొట్టు బాగా నడిస్తే ఆ లోటు పూడుతుంది, నడవకపోతే పూడదు. కోల్ ఇండియా 2010లో 245 రూపాయలకు జనానికి షేర్లు అమ్మింది. ఆ తర్వాత డివిడెండ్లు బాగానే ఇచ్చింది. అయినా 2020లో ఆ షేరు 120 రూపాయల దిగువకు పడిపోయింది. తర్వాత కోలుకుందనుకోండి. కానీ సరిగ్గా ఆ ఏడాదే అరవై నిండినవాళ్ల టెన్షన్ ఎలా ఉండి ఉంటుందో ఆలోచించండి.

ఇప్పుడు మీ లెక్క. మీకు వచ్చింది నూటికి 5 రూపాయల పావలా. ధరలు ఏటా 6 శాతం పెరుగుతాయనుకుంటే, మీ ఆయనకు అరవై వచ్చేసరికి ఇప్పటి 20,000 ఖర్చు నెలకు 38,000 అవుతుంది. అంత డబ్బు ఒక్క డివిడెండ్ల మీదే రావాలంటే దాదాపు 87 లక్షల రూపాయల విలువైన షేర్లు ఉండాలి. మీ 7 లక్షలు పదకొండేళ్లలో ఎంత పెరిగినా అక్కడికి చేరడం కష్టం. మిమ్మల్ని భయపెట్టాలని ఈ మాట అనడం లేదు. ఇంకా పదకొండేళ్ల టైముంది, కొట్టు నడుస్తోంది, కాబట్టి ఇప్పుడే దారి మార్చుకోవచ్చని చెబుతున్నాను.

నాకు అన్నిటికంటే ఎక్కువ దిగులు కలిగించింది పేపర్ మిల్లు సంగతి. మీ కొట్టుకు వచ్చేవాళ్లలో మిల్లు జీతాల మీద బతికేవాళ్లు ఎందరో ఉంటారు. కాగితం ధర పడిపోయి మిల్లుకు గడ్డుకాలం వస్తే, కొట్టులో అరువులు పెరుగుతాయి, షేరు ధరా పడుతుంది. రెండు దెబ్బలూ ఒకేసారి తగులుతాయి. కంపెనీ మంచిదే కావచ్చు, కానీ మీ ఇంటికి అంత బరువు తగదు. ఆ షేర్లను మెల్లగా సగానికి తగ్గించండి. ఏడాది దాటిన షేర్ల అమ్మకంపై ఒక ఏడాదిలో వచ్చిన లాభం 1.25 లక్షల లోపుంటే పన్ను ఉండదు.

చీటీ డబ్బులో ముందుగా 1.2 లక్షలు, అంటే ఆరు నెలల ఇంటి ఖర్చు, బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయండి. కొట్టు ఉన్నవాళ్లకు ఇది చాలా అవసరం. ఇద్దరికీ ఆరోగ్య బీమా లేకపోతే మిగిలిన దాంట్లోంచి ముందు అది కట్టండి.

తర్వాత మీ పేరున పోస్టాఫీసులో పీపీఎఫ్ (ప్రభుత్వ దీర్ఘకాల పొదుపు) ఖాతా తెరవండి. మీ ఆయన పేరున వద్దంటాను. దాని గడువు ఖాతా తెరిచిన ఆర్థిక సంవత్సరం ముగిశాక 15 ఏళ్లు, మీకు 61-62 వచ్చేసరికి చేతికొస్తుంది. ఏడాదికి 60,000 చొప్పున కడితే, ఇప్పటి 7.1 శాతం వడ్డీ ఇలాగే ఉంటే, 16 లక్షలు దాటుతుంది. నెలనెలా కట్టేట్టయితే 5వ తేదీలోపే కట్టండి, లేకపోతే ఆ సొమ్ముకు ఆ నెల వడ్డీ పోతుంది.

మిగిలిన డబ్బును ఏడాది పొడవునా కొంచెం కొంచెంగా నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండ్‌లో (దేశంలోని 50 పెద్ద కంపెనీల షేర్లలో డబ్బు పెట్టే ఫండ్) వేయండి, లాభం చేతికివ్వకుండా ఫండ్‌లోనే ఉంచే గ్రోత్ ఆప్షన్ తీసుకోండి. వచ్చే డివిడెండ్లను కూడా ఖర్చు పెట్టకుండా అందులోకే మళ్లించండి. కొట్టు మీద రాబడి ఉన్న ఈ వయసులో మీకు డివిడెండ్ అవసరం లేదు. పైగా అది మీ ఆదాయంలో కలిసి పన్ను లెక్కలోకి వస్తుంది.

అరవై నిండాక మీ ఆయన పేరున వృద్ధుల కోసం ప్రభుత్వం నడిపే సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్ ఉంటుంది. ఇప్పుడు వడ్డీ 8.2 శాతం, మనిషికి 30 లక్షల వరకు వేసుకోవచ్చు. 30 లక్షలకు మూడు నెలలకోసారి 61,500 వస్తుంది. నెల ఖర్చుకు నేను నమ్మేది ఇలాంటి దాన్ని. షేర్లు దానికి తోడుగా ఉండాలి.

చివరగా ఒక పని ఈ వారమే చేయండి. మా నాన్నగారు కొన్న షేర్ల కాగితాలు ట్రంకుపెట్టెలో ఉండిపోయాయి. ఏడేళ్లు డివిడెండ్ ఎవరూ తీసుకోకపోవడంతో ఆ షేర్లు ప్రభుత్వ నిధికి వెళ్లిపోయాయి. వాటిని వెనక్కి తెచ్చుకోవడానికి మా అమ్మ ఎన్ని సంతకాలు చేసిందో నాకు తెలుసు. మీ షేర్లు ఉండే డీమ్యాట్ ఖాతాలో నామినీగా మీ ఆయన పేరు ఉందో లేదో చూడండి. డివిడెండ్ పడే బ్యాంకు ఖాతా ఏదో ఆయనకు కూడా చెప్పి ఉంచండి.