లారీ కిరాయి సంగతి సరే, నెల నెలా లోటు మాటేమిటి?

ప్రశ్న: మాది విజయవాడ. ప్రైవేటు ఉద్యోగం. జూన్ మొదటి వారంలో హైదరాబాద్ రాయదుర్గం ఆఫీసులో చేరాలి. ఇప్పుడు చేతికి 78,000 వస్తోంది, అక్కడ 87,000 వస్తుంది. నా భార్య ఇక్కడ ప్రైవేటు స్కూల్లో టీచరు. ఆమె జీతం 16,000, మానేయక తప్పదు. పాప తొమ్మిదో తరగతికి, బాబు ఐదుకు వస్తారు. ఇక్కడ అద్దె 13,000. చీటీ వాయిదాతో సహా అన్నీ పోను నెలకు 9,000 దాకా మిగులుతోంది. ఆఫీసు దగ్గర్లో చూసిన డబుల్ బెడ్‌రూం ఫ్లాటుకు అద్దె 26,000, మెయింటెనెన్స్ 3,000. స్కూళ్లకు ముందుగా 70,000 కట్టాలి. ప్యాకర్లు 32,000 అడిగారు. ఆఫీసువాళ్లు బిల్లులు చూపిస్తే 40,000 ఇస్తారు. బ్యాంకులో 1,40,000 ఉంది. 3 లక్షల ఎఫ్‌డీకి ఏడు నెలల గడువు ఉంది. 3 లక్షల చీటీలో 20 వాయిదాలకు 11 కట్టాను. పోయిన నెల అది 48,000 తగ్గించి పాడారు. చీటీ పాడమంటారా, పర్సనల్ లోన్ తీసుకోమంటారా? కొత్త ఇంటికి సోఫా, మంచాలు కొనాలని ఇంట్లో అనుకుంటున్నారు. ఆషాఢం రాకముందే మారాలని అమ్మ పట్టుబడుతోంది. లేక ఏడాదిపాటు నేనొక్కడినే వెళ్లాలా?

జవాబు: మీ ఉత్తరమంతా లారీ చుట్టూ, సోఫా చుట్టూ తిరిగింది. నన్ను కంగారు పెట్టిన అంకె వేరు. మీ జీతం 9,000 పెరిగింది గానీ మీ ఇంటి ఆదాయం 7,000 తగ్గింది. ఇద్దరి జీతాలూ కలిపి ఇన్నాళ్లూ 94,000 వచ్చేది, ఇకపై 87,000. ఇంటి ఖర్చేమో 13,000 నుంచి 29,000కు చేరుతోంది. ఈ రెండు కలిపితే నెలకు 23,000 తేడా. మీకు మిగిలే 9,000 అందులో కలిసిపోగా ఇంకా 14,000 లోటు. చీటీ ముగిసే దాకా తొమ్మిది నెలలు ఇలాగే నడిస్తే 1,26,000. మూడు లారీల కిరాయి పైమాటే. లారీ ఖర్చు ఒక్కసారితో పోతుంది. ఇది ప్రతి నెలా ఒకటో తారీఖున వచ్చి కూర్చుంటుంది.

అందుకే ముందు ఇల్లు మార్చండి. ఇంకా అడ్వాన్సు ఇవ్వలేదు కాబట్టి ఆ ఫ్లాటు వదిలేయడం తేలికే. నాగోల్ నుంచి వచ్చే మెట్రోకు రాయదుర్గమే చివరి స్టేషను. మీ ఆఫీసు ఆ పక్కనే ఉన్నప్పుడు నడిచి వెళ్లేంత దగ్గరలో ఇల్లు కావాలన్న పట్టుదల దేనికి? ఉప్పల్, తార్నాక, హబ్సిగూడ వైపు మెట్రోకు అందుబాటులో మెయింటెనెన్స్‌తో కలిపి 20,000కు మించకుండా వెతకండి. మెట్రో ఛార్జీలు పోయినా నెలకు ఆరేడు వేలు మిగలాలి. ఫ్లాటు చూసేటప్పుడు పోయిన ఏప్రిల్, మే నెలల మెయింటెనెన్స్ రసీదులు చూపించమని అడగండి. 3,000 అని చెప్పిన చోట వేసవిలో నీళ్ల ట్యాంకర్ల పేరు చెప్పి ఇంకో వెయ్యి, రెండు వేలు వసూలు చేసే అపార్ట్‌మెంట్లు నగరంలో కొల్లలు. కరెంటు బిల్లు పాత బకాయి లేదని కూడా తేల్చుకోండి.

మీరొక్కరే వెళ్లే ఆలోచన డబ్బు లెక్కలో బాగానే ఉంది. హాస్టల్‌కు పది వేలు, వారం వారం రానుపోను ఛార్జీలు పోయినా మీ శ్రీమతి జీతం నిలుస్తుంది, పాత అద్దే సరిపోతుంది. అయితే పాప తొమ్మిదికి వస్తోందన్నారు. తెలంగాణలో ఎంబీబీఎస్ సీట్లకు స్థానికత రావాలంటే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా నాలుగేళ్లూ అక్కడే చదివి ఉండాలని 2024లో నిబంధన తెచ్చారు. ఈ ఏడాది ఆగితే ఆ లెక్క తప్పుతుంది. పాపకు డాక్టరు చదువు మీద మనసు లేకపోతే ఈ విషయం పక్కన పెట్టవచ్చు. ఉంటే మాత్రం హాస్టల్‌లో మిగిలే డబ్బు కోసం దీన్ని వదులుకోవద్దని నా మాట.

ఇప్పుడు మొదటి నెలకు చేతిలో ఎంత ఉండాలో చూద్దాం. మీరు చూసిన ఫ్లాటే అనుకుని లెక్క కడుతున్నాను, చవక ఇల్లు దొరికితే అంత మేరకు తగ్గుతుంది. రెండు నెలల అడ్వాన్సు 52,000, మొదటి నెల అద్దె, మెయింటెనెన్స్ 29,000, బ్రోకరుకు సగం నెల అద్దె 13,000. ప్యాకర్లు చెప్పిన 32,000 జీఎస్టీ కలిపా, కాకా అని అడిగారా? 18 శాతం వేస్తే మరో 5,760. దాని మీద ఏసీ విప్పి బిగించడం, గీజరు, లోడింగ్ కుర్రాళ్ల టీ ఖర్చు కలిపి 45,000 అనుకోండి. స్కూళ్లకు 70,000. కర్టెన్లు, బల్బులు, దోమ తెరలు, వాటర్ ఫిల్టర్ బిగింపు లాంటి చిల్లర ఖర్చులకు 20,000, గ్యాసుకు 5,000. మొత్తం 2,34,000. మీ దగ్గర ఉన్నది 1,40,000. అంటే 94,000 తక్కువ. ఆఫీసు 40,000 తిరిగి ఇస్తుంది, పాత ఇంటి అడ్వాన్సులో పెయింటింగ్ కోత పోను 20,000 అయినా వస్తుంది. రెండు నెలల్లో ఇవి చేతికి వచ్చాక అసలు లోటు 34,000.

ఈ మాత్రం దానికి చీటీ పాడి 48,000 వదులుకుంటారా? పైగా పాడిన చీటీకి జామీను కావాలి. జీతం సర్టిఫికెట్లు పట్టుకుని సంతకం పెట్టేవాళ్లను ఊరు వదిలే సమయంలో వెతుక్కోవడం ఎంత తలనొప్పో చీటీ కట్టేవాళ్లకు తెలుసు. పర్సనల్ లోన్ కూడా వద్దు. ఎఫ్‌డీని రద్దు చేయకుండా, తక్కువ పడిన 94,000 మీద చేతిలో కొంత ఉండేలా, దాని మీద 1,20,000 ఓవర్‌డ్రాఫ్ట్ తీసుకోండి. మామూలుగా ఎఫ్‌డీ వడ్డీ కన్నా ఒకటి, రెండు శాతం ఎక్కువ పడుతుంది, వాడుకున్న సొమ్ముకే వడ్డీ. 9 శాతం అనుకున్నా, రెండు నెలలకు 60,000 తిరిగి కట్టేసి మిగతాది గడువు తీరే దాకా ఉంచితే వడ్డీ మొత్తం 4,000 చుట్టుపక్కలే. ఎఫ్‌డీ మీద మీకు వచ్చే వడ్డీ ఎటూ వస్తూనే ఉంటుంది.

సోఫా, మంచాలు దసరా దాకా ఆపండి. నో కాస్ట్ ఈఎంఐ అన్నా సరే, నెలవారీ లోటు ఉన్న ఇంట్లో అది ఇంకో వాయిదా. పాత మంచమే కొత్త పడకగదిలో తలుపు తెరుచుకోనిచ్చేలా పడుతుందో లేదో ముందు చూసుకోవాలి. టేపు పట్టుకెళ్లి లిఫ్టు తలుపు వెడల్పు కూడా కొలవండి. డబుల్ కాట్ లిఫ్టులో పట్టక నాలుగో అంతస్తుకు మెట్ల మీద మోయించితే ప్యాకర్లు అంతస్తుకింత అని విడిగా తీసుకుంటారు. ఏసీ రాగి గొట్టం కొత్త గోడకు పొట్టిదైతే అదనపు గొట్టానికి, గ్యాసు నింపడానికి డబ్బు వేరే. కోటేషన్ మీద సామాను జాబితా రాయించి, మెట్ల కూలితో సహా చివరి మొత్తం సంతకంతో తీసుకోండి. ఇన్సూరెన్స్ అని ఒక వరుస ఉంటే పాలసీ ఏ బీమా కంపెనీదో అడగండి. కంపెనీ పేరు చెప్పలేకపోతే ఆ వరుస కొట్టించేయండి.

ఆషాఢం విషయంలో అమ్మగారితో వాదన పెట్టుకోవద్దు. మంచి రోజు చూసి మీరిద్దరూ ఒక బ్యాగుతో వెళ్లి పాలు పొంగించి రండి, సామాను తర్వాత పంపండి. తాళం ముందే ఇచ్చినా అద్దె జూన్ ఒకటి నుంచే అని ఓనరుతో ముందుగా మాట్లాడుకుని ఒప్పందంలో రాయించండి. లేదంటే మే చివరి వారానికి రెండు ఇళ్ల అద్దె పడుతుంది. లారీకి నెల చివరి రోజులు, శని, ఆదివారాలు తప్పిస్తే బేరానికి వీలుంటుంది.

గ్యాసు కనెక్షన్‌కు ఊరు మారేటప్పుడు సిలిండర్లు, రెగ్యులేటరు అప్పగించి కాగితం తీసుకోవాలి. మీరు కట్టిన పాత డిపాజిట్టే తిరిగి ఇస్తారు. కొత్త చోట ఇప్పటి ధర, అంటే 2022 జూన్ నుంచి సిలిండరుకు 2,200, రెగ్యులేటరుకు 250. రెండు సిలిండర్లకు 4,650 అవుతుంది. పై లెక్కలో వేసిన 5,000 దాని కోసమే.

ఆఫీసు ఇచ్చే 40,000లో ప్యాకింగ్‌కు, రవాణాకు నిజంగా ఖర్చయిన మేరకు పన్ను ఉండదు, కొత్త పన్ను విధానంలో ఉన్నా సరే. జీఎస్టీ నంబరున్న బిల్లు తీసుకోండి, చేతిరాత చీటీతో సరిపెట్టనివ్వకండి. పాత విధానంలో ఉంటే అద్దె రసీదులు దాచండి. ఏడాదికి లక్ష దాటుతుంది కాబట్టి ఓనరు పాన్ కావాలి, అది ఒప్పందం రాసుకునే రోజే అడగండి.

మీ బైకు ఏపీ రిజిస్ట్రేషనే అయి ఉంటుంది. మరో రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంచితే అక్కడ మళ్లీ రిజిస్టర్ చేయించాలి, లైఫ్ ట్యాక్స్ పడుతుంది. అందుకని విజయవాడ ఆర్‌టీఓ నుంచి ఎన్‌ఓసీకి, అంటే నిరభ్యంతర పత్రానికి, వచ్చే సంక్రాంతికి ఊరు వెళ్లినప్పుడు దరఖాస్తు పెట్టుకోండి. ఆరోగ్య బీమాలో నగరాన్ని బట్టి ప్రీమియం మారే పాలసీలున్నాయి. మీది అలాంటిదైతే చిరునామా మార్పు కంపెనీకి ముందే తెలపండి.

ఇక మీ శ్రీమతి ఉద్యోగం. స్కూళ్లు జూన్ తెరిచాక కూడా రెండు, మూడు వారాలు టీచర్ల కోసం చూస్తాయి. అనుభవ ధ్రువపత్రం, రిలీవింగ్ లెటరు ఇక్కడి స్కూలు నుంచి ఇప్పుడే తీసుకోమనండి. ఆమె చేరే స్కూల్లో పిల్లలకు ఫీజు రాయితీ ఉంటుందేమో 70,000 కట్టేముందే అడగడం మంచిది. 20,000 ఇంట్లో ఆమెకు 14,000 జీతం వచ్చినా లోటు పోయి, మెట్రో ఛార్జీలు పోను నెలకు ఆరేడు వేలు మిగులుతాయి.