యాంజియోగ్రామ్ లేకుండా ఎంఆర్‌ఐతోనే గుండె బ్లాకులు తెలుస్తాయా?

కొంతవరకే తెలుస్తాయి: గుండె రక్తనాళాలు మొదలయ్యే చోటును, పెద్ద కొమ్మలను ఎంఆర్‌ఐ బాగానే చూపిస్తుంది కానీ, చివరి సన్న కొమ్మల్లో బ్లాక్ ఎంత శాతమో తేల్చడానికి డాక్టర్లు దాన్ని నమ్ముకోరు.

చిక్కంతా కదలికతోనే. ఈ నాళాల వెడల్పు సుమారు 2 నుంచి 4 మిల్లీమీటర్లు. గుండె కొట్టుకున్నప్పుడల్లా కదులుతాయి, ఊపిరి తీసుకున్నప్పుడల్లా జరుగుతాయి. ఎంఆర్‌ఐ ఏమో నిదానంగా బొమ్మ తీసే యంత్రం. అందుకే ఛాతీకి ఈసీజీ తీగలు అతికించి, ప్రతి స్పందనలోనూ గుండె కాస్త నిలకడగా ఉండే క్షణంలోనే సిగ్నల్ పట్టుకుంటారు. పైగా డయాఫ్రం (ఊపిరితో పాటు పైకీ కిందికీ కదిలే, ఊపిరితిత్తుల కింది కండరం) ఎక్కడుందో కనిపెడుతూ, ఊపిరి వదిలినప్పుడు దొరికిన సిగ్నల్‌నే ఉంచుకుని మిగతాది పారేస్తారు. ఇలా పోగుచేయడానికి పది నిమిషాలో, ఇంకా ఎక్కువో పడుతుంది. సీటీ యాంజియో (సీటీ స్కాన్‌తో రక్తనాళాల బొమ్మ తీయడం) కొన్ని సెకన్లలో ఇంతకన్నా స్పష్టంగా తీసేస్తుంది. కాకపోతే రేడియేషన్, నాళాలు కనిపించడానికి ఇచ్చే అయోడిన్ మందు ఇంజెక్షన్ తప్పవు.

కవాసాకి జబ్బు (రక్తనాళాల్లో వాపు తెచ్చే పిల్లల జబ్బు) చేసిన పిల్లలనే తీసుకోండి. కొందరిలో ఈ నాళాలు ఉబ్బిపోతాయి, ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ చూడాలి. రేడియేషన్ లేని ఎంఆర్‌ఐ అక్కడ నిజంగా పనికొస్తుంది.

చాలామంది పొరపడేది ఒకటుంది: 'గుండె ఎంఆర్‌ఐ నార్మల్, ఇక బ్లాకుల్లేవు' అనుకుంటారు. మామూలుగా తీసే గుండె ఎంఆర్‌ఐ చూసేది కండరాన్ని, అంటే పంపింగ్ ఎలా ఉంది, పాత అటాక్ మచ్చ ఏమైనా ఉందా అని. నాళాల కోసం వేరే స్కాన్ విడిగా చేయాలి. స్టెంట్ ఉంటే ఆ లోహం దగ్గర బొమ్మ నల్లగా పోతుంది, లోపల ఏముందో ఆ స్కాన్ కూడా చెప్పలేదు.