సూపరింటెండెంటు కుర్చీలో కూర్చోబోయే ముందు

అమ్మాయ్,

నీకు ప్రమోషన్ వచ్చిందని మీ నాన్న ఫోన్ చేయగానే వంటింట్లో ఉన్న మీ పిన్నికి వినపడేలా అరిచాను. మన ఇంట్లో ఆ కుర్చీ ఎక్కే మొదటి ఆడపిల్లవి నువ్వు. అంతలోనే, "చేరిన రోజే లేటుగా వచ్చేవాళ్లందరికీ మెమోలిస్తానంటోంది" అన్నాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఛార్జి తీసుకునేటప్పుడు పెండింగు ఫైళ్లు లెక్కపెట్టుకుని సంతకం చెయ్యి. ఉద్యోగుల మీద క్రమశిక్షణ చర్యలు, అప్పీళ్ల సంగతి చెప్పే 1991 నాటి సి.సి.ఎ. రూల్స్ చేతికందేలా పెట్టుకో. ఇవి నీకు తెలిసినవే.

తెలియంది ఒకటుంది. 1996లో నేనూ సూపరింటెండెంటునే. మా సెక్షన్‌లో జూనియర్ అసిస్టెంటు దగ్గర ఒక ఫైలు కనిపించకుండా పోయింది. ఆరోపణ రాసి సంజాయిషీ అడిగే ఛార్జి మెమో అందుకుని వణుకుతూ వచ్చాడు. "తప్పయింది, క్షమించండని రాసిచ్చెయ్, నేను చూసుకుంటా" అన్నాను. నమ్మి రాసిచ్చాడు. ఆ కాగితాన్నే ఒప్పుకోలుగా లెక్కేసి, ఎంక్వయిరీ లేకుండా రెండు ఇంక్రిమెంట్లు క్యుములేటివ్ ఎఫెక్ట్‌తో, అంటే మళ్లీ ఎప్పటికీ కలవకుండా, ఆపేశారు. ఆ శిక్ష వేయొచ్చని ఫైల్లో నోట్ పెట్టింది నేనే. అది పెద్ద శిక్ష కిందికి వస్తుందని, విచారణ జరపకుండా వేయకూడదని పంజాబ్ ఉద్యోగి కేసులో సుప్రీంకోర్టు 1990లోనే చెప్పింది. నేను తెలుసుకోలేదు.

రెండేళ్లకు ఆ ఫైలు పక్క సెక్షన్ బీరువాలో దొరికింది. అప్పుడైనా అప్పీలు చేసుకోమని అతనికి చెప్పాలి కదా? ఆఫీసరుకు కోపమొస్తుందని నోరు మూసుకున్నాను. అలాంటి కోత ఏడాదితో పోదమ్మా. ప్రతి నెలా జీతంలో, దాని మీద వచ్చే డి.ఎ.లో, చివరికి పెన్షన్‌లో కూడా తగులుతుంది. మొన్న లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి సబ్ ట్రెజరీకి వెళ్తే అతనే లేచి నాకు కుర్చీ వేశాడు. కూర్చోలేకపోయాను.

మెమో ఇవ్వొద్దనను. ముందు పిలిచి అడుగు. ఏ ఊరి నుంచి వస్తున్నారు, బస్సు ఎన్నింటికి, ఇంట్లో మంచాన పడ్డవాళ్లున్నారా? ఇవ్వాల్సి వస్తే ఏ తేదీ, ఎంత ఆలస్యం అని స్పష్టంగా రాయి, జవాబుకు గడువివ్వు, వచ్చిన జవాబు పూర్తిగా చదువు. ఎవరినైనా సస్పెండ్ చేస్తే ఫండమెంటల్ రూల్స్‌లోని ఎఫ్.ఆర్. 53 కింద జీవనభృతి బిల్లు ఆగకుండా చూడు. అది దయతో ఇచ్చేది కాదు, వాళ్ల హక్కు.

నువ్వూ ఉద్యోగివే, మర్చిపోకు. పైనుంచి ఫోన్‌లో ఏదైనా చెప్తే ఫైలు మీద రాసివ్వమని అడుగు. నేను అడగలేకపోయాను, నువ్వు అడగగలవు. నీకు చిన్నప్పటి నుంచీ భయం తక్కువ, అందుకే నాకు భయం.

చేరిన రోజు సాయంత్రం ఎంత ఆలస్యమైనా ఫోన్ చెయ్యి. నేను మేలుకునే ఉంటాను.

మీ బాబాయ్