కారు కొన్న మర్నాడు ఇంట్లో ఎంత మిగులుతుంది?

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. నా జీతం 36,000. మా ఆవిడ ఇంటి దగ్గరే చీరలు అమ్ముతుంది, నెలకు 14,000 దాకా వస్తుంది. అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలు మాతోనే ఉంటారు. ఖర్చులు 32,000. ఎఫ్‌డీ 2,80,000 ఉంది. నాన్నకు 71 ఏళ్లు. మూడు నెలలకోసారి గుండె పరీక్షలకు విశాఖ తీసుకెళ్తున్నాం, ప్రతిసారీ టాక్సీకి 7,000 అవుతోంది. అందరం కూర్చునేలా, సీట్లు మడిస్తే చీరల మూటలు పట్టేలా స్టేషన్ వ్యాగన్ లాంటి పాత బండి కావాలి. విజయనగరంలో 2014 డీజిల్ ఎర్టిగా 4 లక్షలకు చూశాం. ఎఫ్‌డీ మొత్తం తీసి, బంగారం మీద 80,000, తెలిసినవారి దగ్గర మూడు రూపాయల వడ్డీకి 40,000 తెచ్చి కొందామనుకుంటున్నాం. ఆదివారాలు కిరాయికి తిప్పితే వడ్డీ వెళ్లిపోతుంది కదా?

జవాబు: మీరు ఎంచుకున్న బండిలో తప్పు లేదు. డబ్బు కూర్చిన తీరులోనే ఉంది. ఇలా కొనేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టే మీ ఉత్తరానికి వివరంగా జవాబు రాస్తున్నాను. 2,80,000, 80,000, 40,000 కలిస్తే సరిగ్గా 4 లక్షలు. అంటే బండి ఇంటి ముందు ఆగిన రోజు మీ ఇంట్లో మిగిలేది సున్నా, పైన 1,20,000 అప్పు. ఆరుగురున్న ఇల్లు, అందులో ఒక గుండె రోగి, ఒకే స్థిరమైన జీతం. ఈ స్థితిలో ఎఫ్‌డీని తాకనే కూడదు.

మీ నెల ఖర్చు 32,000. ఆరు నెలలకు 1,92,000. ఈ డబ్బు కారుది కాదు, పిల్లల ఫీజులది కూడా కాదు. జీతం ఆగినా, నాన్నగారిని అర్ధరాత్రి ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చినా వాడేందుకే. 70 దాటినవారికి ఆదాయంతో పని లేకుండా ఏటా 5 లక్షల వరకు వైద్యం అందించే ఆయుష్మాన్ వయ వందన కార్డు ఉంది. తీసుకోకపోతే ఈ వారమే తీయించండి. ఆ పథకంలో ఉన్న ఆసుపత్రులైతే విశాఖలోనూ పనికొస్తుంది. అయినా కార్డు ఉందని చేతిలో డబ్బు లేకుండా ఉండకండి. దగ్గర్లో దొరికిన ఆసుపత్రి ఆ పథకంలో ఉండకపోవచ్చు. చేర్చకముందు రాసే పరీక్షలు, తోడున్నవాళ్ల బస, భోజనం, మీరు సెలవు పెడితే కోసే జీతం, ఇవన్నీ మీ జేబులోంచే పోవాలి. ఆ రోజు ఎఫ్‌డీ లేకపోతే మళ్లీ ఆ మూడు రూపాయల వడ్డీ మనిషి దగ్గరికే వెళ్తారు. అదీ దొరక్కపోతే కారు అమ్ముతారు. అవసరంలో అమ్మే బండికి ఎవరూ సరైన ధర ఇవ్వరు.

ఆ 1,92,000ను ఒకే ఎఫ్‌డీగా ఉంచకండి. 50,000 చొప్పున మూడు, మిగిలిన 42,000 పొదుపు ఖాతాలో. అవసరం వస్తే ఒకదాన్నే విరుస్తారు, మిగతావాటి వడ్డీ పోదు. మీ ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా జాయింట్‌గా పెట్టండి. మీరే ఆసుపత్రిలో ఉంటే మీ ఆవిడ బ్యాంకు మెట్ల దగ్గర నిలబడిపోకూడదు.

మూడు రూపాయల వడ్డీ సంగతి. నెలకు నూటికి మూడు అంటే ఏడాదికి 36. నలభై వేలకు నెలనెలా 1,200 కడుతూనే ఉంటారు, అసలు రూపాయి కూడా తగ్గదు. కారు కోసం ఇలాంటి అప్పు ఏ లెక్కలోనూ సరిపోదు, దయచేసి మానుకోండి. రోజురోజుకూ విలువ తగ్గే వస్తువు కోసం ఇంట్లో బంగారం తాకట్టు పెట్టడమూ అలాంటిదే.

కిరాయి ఆలోచన ఇంకా ప్రమాదం. సొంత వాడకానికి ఇచ్చే తెల్ల నంబరు ప్లేటు బండిని కిరాయికి తిప్పడం పర్మిట్ నిబంధనలకు విరుద్ధం. ఘాట్ రోడ్డులో ప్రమాదం జరిగి, బండిలో ఉన్నది డబ్బిచ్చిన ప్రయాణికులని తేలితే, ఇన్సూరెన్స్ కంపెనీ బండి నష్టం ఇవ్వకపోవచ్చు. గాయపడినవారి పరిహారం కూడా చివరకు మీ మెడకే చుట్టుకోవచ్చు. మీ ఆవిడ చీరల మూటలు మీ బండిలో మీరే తెచ్చుకోవడం వేరే విషయం.

మరి కారు? ఎఫ్‌డీలో 1,92,000 పక్కన పెడితే 88,000 మిగులుతుంది. నెలకు మీకు మిగిలే 18,000లో 15,000 బ్యాంకులో నెలనెలా జమ చేసే ఆర్‌డీ కట్టండి. మిగతా 3,000 మీకు టర్మ్ పాలసీకి, అమ్మగారి ఆరోగ్య బీమాకు. ఏడాదికి ఆర్‌డీ 1,80,000, మొత్తం 2,68,000. అందులో 50,000 కొన్న తర్వాతి ఖర్చులకు ఉంచితే బండి ధర 2,18,000 దాటకూడదు. ఎర్టిగానే కావాలంటే రెండేళ్లు ఆగండి. 3,60,000కు 88,000 కలిపితే 4,48,000, అప్పు లేకుండా మీదే అవుతుంది. అంతవరకు టాక్సీకి ఏడాదికి అయ్యేది 28,000. నాన్నగారి ఆరోగ్యం బాగున్నప్పుడు విశాఖకు నేరుగా రైలూ ఉంది.

ఏడాదికే కొనాలనుకుంటే పెట్రోలు వ్యాగన్ఆర్ చూడండి, 2010 తర్వాత వచ్చిన 998 సీసీ ఇంజిన్‌ది. సీటు ఎత్తుగా ఉంటుంది కాబట్టి మోకాళ్ల నొప్పులున్నవారు వంగకుండా ఎక్కి దిగగలరు. వెనక సీటు మడిస్తే మూటలు పడతాయి. మెకానిక్ ప్రతి ఊళ్లోనూ దొరుకుతాడు. ఆరుగురూ కలిసి వెళ్లేది ఏడాదికి ఎన్నిసార్లు? ఆ రోజులకు టాక్సీ పిలవండి, అయిదుగురి బండిలో ఆరుగురిని ఎక్కించకండి. డాట్సన్ గో ప్లస్ చవగ్గా దొరుకుతుంది, పొడుగ్గానూ ఉంటుంది. కానీ దానికి మూలమైన గో మోడల్‌కు 2014లో కార్ల భద్రతను చూసే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో సున్నా స్టార్లు వచ్చాయి. గో ప్లస్ చివరి వరసలో పిల్లల్ని కూర్చోబెట్టమని నేను చెప్పను.

డీజిల్ ఆదా ఎంతో కూడా చూడండి. నెలకు 500 కిలోమీటర్లు తిరిగితే, పెట్రోలు బండి లీటరుకు 14, డీజిల్‌ది 18 ఇస్తుందనుకున్నా తేడా నెలకు వెయ్యి రూపాయలు. పదేళ్లు దాటిన డీజిల్‌లో ఇంజెక్టర్లో, టర్బోనో, క్లచ్చో ఒక్కసారి పోతే ఆ ఏడాది ఆదా అంతా అక్కడే అయిపోతుంది.

విజయనగరం బండి విషయంలో ఇంకో మాట. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. ఆ ఏడాది కొన్న బండి అప్పుడు ఎక్కడుందో, క్లెయిమ్ ఏమైనా తీసుకున్నారో అడగండి. సీటు బెల్టును చివరిదాకా లాగండి, చివరి మూరలో మట్టి చార ఉంటే నీళ్లలో మునిగినట్టే. డిక్కీలో స్టెపినీ తీసి కింద తుప్పు, వెల్డింగ్ చూడండి. తలుపుల అడుగు అంచులు వేలితో తడమండి, సముద్రపు గాలి ముందు అక్కడే తింటుంది. టైరు మీద నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైనది, అంత పాతవైతే నాలుగూ మార్చే ఖర్చు ధరలో తగ్గించమనండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, పొద్దున్నే స్టార్ట్ చేయించండి. నీలం పొగ వస్తే వదిలేయండి.

పైగా అది ఆంధ్రా నంబరు. ఒడిశాలో పన్నెండు నెలలకు మించి ఉంచితే ఇక్కడి నంబరు తీసుకోవాలి. ‘ఎవరూ అడగరు’ అన్న బ్రోకరు మాట వినకండి. ఫారం 28తో అక్కడి ఆర్టీవో ఇచ్చే అభ్యంతరం లేదన్న పత్రం (ఎన్‌వోసీ), పాత లోన్ ఉంటే అది తీరిందని బ్యాంకు సంతకం చేసిన ఫారం 35, పెండింగ్ చలానాలు, పైన ఒడిశా రోడ్ ట్యాక్స్. ఆ ట్యాక్స్ ఎంతో రాయగడ ఆర్టీవో ఆఫీసులో ముందే కనుక్కోండి. ఓడీ-18 (రాయగడ), ఓడీ-10 (కోరాపుట్) నంబరు బండి దొరికితే ఈ గొడవ సగం ఉండదు.

ఏ బండి కొన్నా దాని ఇన్సూరెన్స్ పాలసీ 14 రోజుల్లో మీ పేరు మీదకు మార్పించండి. మార్చకపోతే థర్డ్ పార్టీ, అంటే ఎదుటివారికి జరిగిన నష్టానికి బీమా, వర్తిస్తుంది కానీ మీ బండికి జరిగిన నష్టం రాదు. క్లెయిమ్ తీసుకోనందుకు అమ్మేవారికి ప్రీమియంలో దక్కిన తగ్గింపు (నో క్లెయిమ్ బోనస్) మీకు రాదు, ఆ తేడా మీరే కట్టాలి. 2022 జూన్‌లో నిర్ణయించిన రేట్లలో థర్డ్ పార్టీ ప్రీమియం వెయ్యి సీసీ లోపు 2,094, ఎర్టిగా లాంటి 1,500 సీసీ లోపు బండికి 3,416, పైన జీఎస్టీ.

ఎర్టిగాకు టోకెన్ ఇంకా ఇవ్వకపోతే ఇవ్వకండి. ఇచ్చేసి ఉంటే ఈ రెండు రోజుల్లో వెనక్కి అడగండి. కొంత పోయినా ఫర్వాలేదు, ఎఫ్‌డీ మాత్రం విరగ్గొట్టకండి.