ఫిఫా 21 నుంచి పెస్ 2021కి మారితే షాట్ కొట్టబోతే బంతి గాల్లోకి ఎందుకు లేస్తుంది?

ఈ రెండు ఫుట్‌బాల్ వీడియో గేముల్లో షాట్, క్రాస్ (బంతిని గాల్లోకి లేపి ఇచ్చే పాస్) బటన్లు తారుమారుగా ఉండటమే కారణం. ప్లేస్టేషన్‌లో ఫిఫా డిఫాల్ట్‌గా షాట్‌కి సర్కిల్, క్రాస్‌కి స్క్వేర్ ఇచ్చింది. పెస్‌లో షాట్‌కి స్క్వేర్, క్రాస్‌కి సర్కిల్. ఎక్స్‌తో పాస్, ట్రయాంగిల్‌తో త్రూ బాల్ (డిఫెండర్ల మధ్య నుంచి ముందుకు ఇచ్చే పాస్) రెండింట్లోనూ ఒకటే కాబట్టి గోల్ ముందుకు వచ్చేదాకా తేడా తెలియదు.

అసలు నష్టం డిఫెన్స్‌లో. సర్కిల్ నొక్కితే ఫిఫాలో డిఫెండర్ నిలబడే ట్యాకిల్ చేస్తాడు, పెస్‌లో స్లైడ్ చేస్తాడు. ఉదాహరణకు, మన పెనాల్టీ బాక్స్‌లో ఎదుటి జట్టు ఫార్వర్డ్ దగ్గర బంతి లాగుదామని పాత అలవాటుగా సర్కిల్ నొక్కితే మన డిఫెండర్ అతని కాళ్ల మీదకు జారతాడు, పెనాల్టీ పడుతుంది. దీన్ని కంట్రోలర్ లోపమనో, పెస్ డిఫెండర్లు చేతకానివాళ్లనో చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. రెండూ ఆడేవాళ్లు ఫిఫా కంట్రోలర్ సెట్టింగ్స్‌లో క్లాసిక్ బదులు ఆల్టర్నేట్ పెట్టుకోండి, షాట్ స్క్వేర్‌కి వస్తుంది.