కౌలుకిచ్చిన పొలానికి మట్టి టెస్ట్ ఎవరు చేయించాలి?

ప్రశ్న: మాకు తెనాలి దగ్గర మూడెకరాల మాగాణి ఉందండి. నాన్నగారు పోయాక కౌలుకిచ్చేశాం, నేను హైదరాబాద్‌లో జాబ్. కౌలు చేసే ఆయన సార్వాకి వరి, ఆ తర్వాత మొక్కజొన్న వేస్తాడు. డీఏపీ, యూరియా బస్తాలకి బస్తాలు కుమ్మరిస్తున్నాడని పక్క చేను బాబాయి ఫోన్ చేసి చెప్పాడు. ఓనర్‌గా నేను భూసార పరీక్ష చేయించడం కంపల్సరీనా? ఎరువులకి లిమిట్ ఏమన్నా ఉందా?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: కంపల్సరీ కాదండి. మన దగ్గర రూల్స్ అన్నీ ఎరువు తయారుచేసేవాడి మీద, అమ్మేవాడి మీదే, 1985 నాటి ఫెర్టిలైజర్ కంట్రోల్ ఆర్డర్ కానీ, 2015 నుంచి యూరియా మొత్తానికి వేప పూత ఉండాలన్నది కానీ, షాపులో మిషన్ మీద వేలిముద్ర వేయించడం కానీ. కొన్నాక ఆ బస్తా ఎకరంలో చల్లాడా అరెకరంలో చల్లాడా అని అడిగే చట్టం లేదు. యూరప్‌లో నైట్రేట్ సమస్య ఉన్న ఏరియాల్లో పశువుల ఎరువు నుంచి ఏడాదికి హెక్టారుకి 170 కిలోల నత్రజని దాటకూడదని 1991 నుంచే లెక్క పెట్టుకున్నారు, మన దగ్గర 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలకి దొరుకుతుంటే ఇక లెక్క ఎవరు పెడతారు చెప్పండి.

కానీ రూల్ లేదు కదా అని వదిలేస్తే నష్టపోయేది మీరే, ఎందుకంటే కౌలుదారుడికి ఈ ఏడాది పంట ముఖ్యం, వచ్చే ఏడాది ఆ చేను తన చేతిలో ఉంటుందో లేదో అతనికే తెలీదు, అలాంటప్పుడు పశువుల ఎరువు తోలి, జీలుగ లాంటి పచ్చిరొట్ట వేసి, దాని ఫలితం ఇంకొకడికి ఎందుకు వదులుతాడు? నేనైనా వదలను.

డీఏపీ సంగతి చూద్దాం. 50 కిలోల బస్తాలో 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం ఉంటాయి. వరికి ఎకరానికి సిఫార్సు చేసే భాస్వరం కూడా దాదాపు అంతే, అదీ మొత్తం దమ్ములోనే, అంటే నాట్లకి ముందు నీళ్లు పెట్టి దున్నేటప్పుడే వేసేయాలి. మనవాళ్లు ఏం చేస్తారంటే దమ్ములో ఒకటి వేసి, పిలకలప్పుడు పైపాటుగా ఇంకోటి చల్లుతారు, ఆకు పచ్చబడగానే డీఏపీ పనిచేసింది అనుకుంటారు, నిజానికి ఆ పచ్చదనం అందులో ఉన్న 9 కిలోల నత్రజనిది. భాస్వరం మట్టిలో గట్టిగా పట్టుకుని కూర్చుంటుంది, ఏటేటా పేరుకుంటుంది, పైగా జింకుని పైరుకి అందనివ్వదు. వరి వెనకే మొక్కజొన్న అంటే అది మామూలు తిండిపోతు పంట కాదు, దానికీ మళ్లీ బస్తాలే. పల్లాకు తెగులు దెబ్బకి చాలా చోట్ల మాగాణి మినుము మానేసి దీనికి మారారు కాబట్టి అతన్నీ తప్పు పట్టలేం.

అందుకే టెస్ట్ మీరే చేయించండి. 2015 నుంచి సాయిల్ హెల్త్ కార్డులు ఇస్తున్నారు, 12 అంశాలు ఉంటాయి అందులో. ఒక్క విషయం మాత్రం చాలామందికి తెలీదు, ఆ స్కీములో శాంపిల్ గ్రిడ్ లెక్కన తీశారు, నీటి వసతి ఉన్న చోట రెండున్నర హెక్టార్లకి ఒకటి, మెట్టలో 10 హెక్టార్లకి ఒకటి. అంటే కార్డు మీద పేరు మీదే, మట్టి మాత్రం పక్క చేనిది అయ్యుండొచ్చు. కాబట్టి కోతలయ్యాక ఏప్రిల్, మే నెలల్లో ఒకసారి ఊరెళ్లినప్పుడు మీరే తీయించండి. పైన చెత్త పక్కకి నెట్టి, పారతో ఇంగ్లీషు వి ఆకారంలో ఆరంగుళాల గుంట తీసి, ఆ గోడ నుంచి పైనుంచి కిందదాకా ఒక పొర మట్టి చెక్కాలి, ఇలా చేనంతా అడ్డదిడ్డంగా తిరుగుతూ ఎనిమిది పది చోట్ల. గట్ల పక్కన, చెట్ల కింద, పెంట పోసిన చోట వద్దు. అంతా కలిపి, గుండ్రంగా పరిచి నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు భాగాలు తీసేస్తూ అరకిలో మిగిలేదాకా చేసి, నీడలో ఆరబెట్టి గుడ్డ సంచిలో పోయండి. యూరియా సంచిలో మాత్రం పోయొద్దు బాబూ, రిపోర్టులో నత్రజని ఆకాశంలో ఉంటుంది! పేరు, సర్వే నంబర్, వేయబోయే పంట రాసిన చీటీ పెట్టి రైతు సేవా కేంద్రంలో ఇవ్వండి.

రిపోర్టులో ముందు సేంద్రియ కర్బనం చూడండి, 0.5 శాతం కన్నా తక్కువుంటే నేల నీరసంగా ఉన్నట్టే. నత్రజని, భాస్వరం, పొటాష్ విషయంలో మనవాళ్ల మోటు లెక్క ఏంటంటే, తక్కువ అని వస్తే సిఫార్సు మీద 30 శాతం పెంచు, ఎక్కువ అని వస్తే 30 శాతం తగ్గించు. ఆ కాగితం ఫోటో తీసి కౌలుదారుడికి వాట్సాప్ చేసి ఊరుకోకండి, కూర్చుని మాట్లాడండి, డీఏపీ ఒక బస్తా తగ్గితే మిగిలేది అతని డబ్బే కదా.

ఇంకా ముఖ్యమైంది కౌలు మాట. ఏడాదికేడాది కాకుండా మూడేళ్లకి మాట్లాడుకోండి, అవసరమైతే కౌలు కొంచెం తగ్గించుకోండి, దానికి బదులు కాలవలు రాకముందే జీలుగ చల్లి పూత మీద కలియదున్నాలి, మిషన్ కోత అయ్యాక గడ్డి తగలబెట్టకూడదు, ఈ రెండూ ఒప్పించండి. ఆంధ్రాలో 2019 చట్టం కింద ఇచ్చే సాగు హక్కు కార్డు 11 నెలలకే, దానివల్ల మీ యాజమాన్యానికి ఏం కాదు, అయినా సంతకం పెట్టమంటే పారిపోయే ఓనర్లే ఎక్కువ. ఆ ఒక్క సంతకానికి భయపడి, మళ్లీ కౌలోడు నా భూమి పాడుచేస్తున్నాడు అంటే ఎలాగండీ.

ప్రశ్న: కదిరి వైపు ఆరెకరాల ఎర్రనేల, కొంచెం వాలు. వేరుశనగ వేస్తాం. పెద్దవాన పడితే చాలు ఎర్రనీళ్లు వంకలోకి పోతున్నాయి, ఏం చేయాలి అన్నా?
– ఒక అక్క, శ్రీ సత్యసాయి జిల్లా

జవాబు: అక్కా, ఎకరంలో ఒక్క మిల్లీమీటరు మందం మట్టి పోయిందంటే నాలుగు క్యూబిక్ మీటర్లు, ట్రాక్టర్ లోడున్నర. అదీ పైమట్టి, మీరు తోలిన పశువుల ఎరువు అంతా ఉన్నది అందులోనే.

పైసా ఖర్చు లేని పని ముందు చెప్తా, దున్నడం, విత్తడం రెండూ వాలుకి అడ్డంగా చేయండి. ట్రాక్టర్ డ్రైవర్లు పొడుగు సాళ్లు వస్తాయని వాలు వెంబడే తోలేస్తారు, మీరు దగ్గరుండి తిప్పించండి. ఆ తర్వాత వాలుకి అడ్డంగా గట్లు, గట్టు వెంట కందకం, నీళ్లు ఎక్కువైతే బయటికి పోయే చోట రాళ్లు పేర్చడం. రాళ్లు లేకుండా గట్టొక్కటే వేస్తే మొదటి జడివానకే తెగి ఇంకా పెద్ద గండి పడుతుంది. గట్ల మీద గిరిపుష్పం కొమ్మలు నాటండి, గట్టూ నిలుస్తుంది, రొట్టా కోసుకోవచ్చు. ఉపాధి పనుల్లో చిన్న, సన్నకారు రైతుల పొలాల్లో కందకాలు, ఫారంపాండ్లు (వాన నీళ్లు నిలిచే గుంటలు) చేయించారు, మీకు వర్తిస్తుందేమో ఊళ్లో ఫీల్డ్ అసిస్టెంట్‌ని అడగండి.

వేరుశనగలో కంది సాళ్లు ఎలాగూ వేస్తుంటారు, అది వదలొద్దు, వేరుశనగ పీకేశాక కూడా నేల మీద ఏదో ఒకటి నిలబడి ఉంటుంది. మీ జిల్లాలో ప్రకృతి వ్యవసాయం వాళ్లు వానలకి ముందే నవధాన్యాలు చల్లిస్తున్నారు చూడండి, దాని ముఖ్య ఉద్దేశం కూడా నేల ఖాళీగా ఎండకీ వానకీ పడి ఉండకూడదనే. జిప్సం మాత్రం ఊడలు (కాయ కట్టడానికి పూత నుంచి భూమిలోకి దిగే కాడలు) దిగేటప్పుడు ఎకరానికి 200 కిలోలు, మొక్కల మొదళ్ల దగ్గర వేసి మట్టి ఎగదోయండి.

ప్రశ్న: మా పొలంలో రెండడుగుల మట్టి తీసుకుంటామని ఇటుక బట్టీవాళ్లు అడ్వాన్స్ ఇస్తామంటున్నారు. పొలం ఎత్తుగా ఉంది, లెవల్ కూడా అవుతుంది అంటున్నారు. ఇవ్వొచ్చా?
– ఒక రైతు, పెద్దపల్లి జిల్లా

జవాబు: వద్దు. ఎకరంలో రెండడుగులంటే 87 వేల ఘనపుటడుగులు, ట్రాక్టర్‌కి 100 చొప్పున లెక్కేసినా 870 లోడ్లు, వాళ్లిచ్చే డబ్బుని 870తో భాగించి చూసుకోండి, మీకే కోపం వస్తుంది. పైమట్టి పోయాక మిగిలేది పసలేని గట్టినేల, చుట్టూ ఉన్న పొలాల కన్నా కిందకి పోతే అందరి నీళ్లూ మీ మడిలోకే వస్తాయి, పక్కోడి గట్టు విరిగి మీ మీద పడుతుంది, గొడవలు వేరే. ఇటుక మట్టి కూడా మైనింగ్ శాఖ లిస్టులో ఉన్న చిన్నతరహా ఖనిజమే, పర్మిషన్ లేకుండా, సీనరేజి (ప్రభుత్వానికి కట్టాల్సిన రుసుము) కట్టకుండా తీస్తే రేపు అధికారులు వచ్చి ముందు అడిగేది ఈ సర్వే నంబర్ ఎవరిదని.

నిజంగా మెరక పొలమే, లెవల్ చేయాల్సిందే అంటే పైమట్టి అరడుగు ముందు ఒక పక్కకి తీసి కుప్ప పోయించి, కింద మట్టి సర్దించి, ఆ పైమట్టి మళ్లీ పైన పరిపించండి. డోజర్ కిరాయి రెండింతలు అవుతుంది, అయినా అదే పద్ధతి. ఇప్పటికే అమ్ముకున్నవాళ్లు ఉంటే చెరువు మట్టి తోలుకోండి, మిషన్ కాకతీయలో 2015 నుంచి చాలామంది తోలుకున్నారు, ఎర్ర చెలకలకి అది బాగా పడుతుంది, నల్లరేగడికి అవసరం లేదు.

ప్రశ్న: నాటేసిన మూడు వారాలకి వరి ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు, ఎదుగుదల లేదు. యూరియా వేసినా మారలేదు.
– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: మీరు చెప్పినదాన్ని బట్టి జింకు లోపంలా ఉందమ్మా, యూరియాతో పోదు. ఒక మొక్క పీకి రైతు వేదికలో ఏఈవోకి (వ్యవసాయ విస్తరణ అధికారికి) చూపించి, అదే అని చెప్తే లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేట్ కలిపి అయిదు రోజుల తేడాతో రెండు మూడుసార్లు పిచికారీ చేయండి, అందులో పురుగుమందు కలపొద్దు. వచ్చే సీజన్‌కి దమ్ములో ఎకరానికి 20 కిలోలు వేయండి, డీఏపీ వేసిన రోజే మాత్రం కాదు, మధ్యలో మూడు రోజులన్నా గ్యాప్ ఉండాలి.